బీరువాలో బంతి

పోయిన నెల కొత్తగూడెం బస్టాండు ముందు ఆటో దిగుతుంటే ఒక ఫ్లెక్సీ కనబడింది. శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు మనకు కొత్తేం కాదు. బతికినన్నాళ్ళూ చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోని మనిషికైనా పోయాక కోటు తొడిగి, వెనకాల మంచుకొండలు పెట్టి, పైన రెండు పావురాలను ఎగరేస్తారు. ఈ ఫ్లెక్సీలోనూ కోటుంది, కొండలున్నాయి, పావురాలున్నాయి. కానీ ఆ మనిషి నోట్లో విజిల్ ఉంది. బుగ్గలు రెండూ గాలితో పొంగి, కళ్ళు ఉరిమి చూస్తూ, పావురాలను కూడా ఆగమంటున్నట్టున్నాడు. విజిల్ లేని ఫొటో ఇంట్లో ఒక్కటీ దొరకలేదని తర్వాత వాళ్ళమ్మాయి చెప్పింది. స్టూడియో వాళ్ళు కంప్యూటర్లో విజిల్ తీసేసి చూశారట. తీస్తే మూతి ఒక్కటీ గుండ్రంగా మిగిలి, పోయినాయన ఎవరికో ముద్దు పెట్టబోతున్నట్టు ఉందని భయపడి మళ్ళీ పెట్టేశారట.

నేను నడిరోడ్డు మీద నిలబడి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. ఆటో అతను కంగారుపడి, "ఏమైందక్కా?" అన్నాడు.

"మా బాస్కెట్‌బాల్ కోచ్ పోయిండు తమ్ముడూ."

"మన దిక్కు బాస్కెట్‌బాల్ యాడిదక్కా?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. మా సారు ఉద్యోగమంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడంతోనే గడిచిపోయింది.

మా డిగ్రీ కాలేజీ ములకలపల్లి వైపు అడవి మొదలయ్యే చోట ఉండేది. ఊరి పేరు చెప్పను. ప్రిన్సిపాల్ గారి బంధువులు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. ఆడపిల్లలు డిగ్రీ చదవడమే ఒక వార్త, వాళ్ళు నిక్కరు లాంటిది వేసుకుని ఎగరడం ఇంకా పెద్ద వార్త. మేం పంజాబీ డ్రెస్సు మీదే ఎగిరేవాళ్ళం, చున్నీ నడుముకు బిగించి. కాలేజీ ముందు రోడ్డు, రోడ్డుకవతల భద్రాచలం పోయే బస్సులు ఆగే చోటు. రోడ్డుకూ కాలేజీకీ మధ్య సిమెంటు కోర్టు ఒకటి, దానికి రెండు ఇనుప స్తంభాలు, రెండు రింగులు. ఎప్పుడో ఏదో పథకం కింద పొరపాటున మంజూరయ్యాయని చెప్పుకునేవారు. కట్టినప్పటి నుంచి దాని మీద మిరపకాయలు ఆరబోసుకునేవాళ్ళు.

సారు కాగితాల మీద ఫిజికల్ డైరెక్టర్. ఊరి నోట్లో డ్రిల్లు సారు. ఆయన మాత్రం తన గది తలుపు మీద సుద్దతో 'హెడ్ కోచ్' అని రాసుకున్నారు. వాన పడి చెరిగిపోయినప్పుడల్లా మళ్ళీ రాసేవారు. హెడ్ అంటే కింద ఇంకొందరు కోచ్‌లు ఉండాలి కదా సార్ అని ఒకసారి అడిగాను.

"ఉండాలె బిడ్డా. పోస్టులు శాంక్షన్ కాలే," అన్నారు నిట్టూరుస్తూ.

వయసులో ఉన్నప్పుడు ఆయన కబడ్డీ మనిషి. ఎక్కడో ఎండాకాలం శిక్షణకు పంపితే అక్కడ బాస్కెట్‌బాల్ నేర్పారట. ఇక కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, వచ్చిన రోజు నుంచీ ఆయనకు వేరే ఆట కనబడలేదు. అయినా కబడ్డీ ఒంట్లోంచి పోలేదు. ఎవరైనా రింగు దాకా దూసుకెళ్తే తొడ చరిచేవారు. చరిచి, అది ఈ ఆట కాదని గుర్తొచ్చి, చెయ్యి నెమ్మదిగా జేబులో పెట్టుకునేవారు.

నేను టీములో చేరడానికి కారణం ఆట మీద ప్రేమ కాదు. ప్రాక్టీసు చేసేవాళ్ళకు ఉడకబెట్టిన శనగలు పెడతారని విన్నాను. మా అబ్బా రేకు పెట్టెలు చేసేవాడు. పొద్దంతా సుత్తి చప్పుడు మధ్య కూర్చునే మనిషి, మాట కూడా సుత్తి దెబ్బలాగే ఉండేది. భయపడుతూ అడిగాను.

"బంతాట ఆడతవా? మొగపిల్లల ముందల బంతెనక ఉరుకుతవా?" అన్నాడు.

"బంతి ఉండదు అబ్బా," అన్నాను.

సుత్తి ఆగింది. "బంతి లేకుంట బంతాట ఏంది బేటా?"

"మా కాలేజీల గట్లనే ఆడతరు."

అబ్బా చాలాసేపు ఆలోచించి, బంతే లేనప్పుడు తప్పేముందిలే అని ఒప్పుకున్నాడు. నేను అబద్ధం ఆడలేదు. బంతి నిజంగానే ఉండేది కాదు.

బంతి కథ ఇది. మా కన్నా ముందు బ్యాచ్ వాళ్ళు ఆడుతుంటే బంతి వెళ్ళి కంచెలోని తుమ్మ ముళ్ళ మీద పడి పగిలింది. పగిలిన బంతిని కుక్క ఎత్తుకుపోయింది. ఆడిట్‌కు వచ్చినాయన, పగిలిన బంతి చూపించండి అన్నాడు. కుక్క తీసుకుపోయిందండీ అంటే, కుక్క తీసుకుపోయినట్టు ఆధారం చూపించండి అన్నాడు. సారు ఆ కుక్కను వెతికి పట్టుకొచ్చి ఆఫీసు ముందు కట్టేశారు కూడా. కుక్క నోరు విప్పలేదు. ఆ అవమానంతో ప్రిన్సిపాల్ గారు కొత్త బంతి రాగానే దాన్ని తన గదిలో ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆయన మధిర వైపు మనిషి, మాట మెత్తగా ఉండేది గానీ తాళం మెత్తగా ఉండేది కాదు.

"బంతి గవర్నమెంటు ఆస్తి మాస్టారూ. ఆడితే అరిగిపోద్ది," అనేవారు.

ఆ బంతి దసరా ముందు ఆయుధపూజ నాడు బయటికొచ్చేది. కాలేజీ గంట, టైపు మిషను, కెమిస్ట్రీ ల్యాబులోని గాజు గొట్టాలు, వాటి మధ్యలో బంతి. పసుపు, కుంకుమ, పైన ఒక బంతిపూవు. మేం దణ్ణం పెట్టుకునేవాళ్ళం. నేనూ పెట్టుకునేదాన్ని, పెట్టుకోకపోతే టీములో ఉండనివ్వరేమోనని. పూజ కాగానే మళ్ళీ బీరువాలోకి. ఖమ్మంలో కాలేజీల పోటీలకు పోయేముందు మాత్రం ఒక పూట అలవాటు కోసం ఇచ్చేవారు. మిగిలిన ఏడాదంతా మా సారు మాకు బంతి లేకుండానే బాస్కెట్‌బాల్ నేర్పారు.

మొదటి రోజు నాకు బాగా గుర్తు. సారు గదిలోంచి రెండు చేతుల మధ్య ఏమీ లేకుండా, దాన్ని చాలా జాగ్రత్తగా పట్టుకుని వచ్చారు. బొటనవేలితో నొక్కి గాలి చూశారు. సరిపోయిందన్నట్టు తల ఊపారు. "పట్టుకో బిడ్డా," అని నా వైపు విసిరారు. నేను కదలకుండా నిలబడ్డాను.

"చూసినవా, ముక్కుకు తగిలింది. కండ్లు మూసుకుంటే గట్లనే తగులుతది," అన్నారు.

నేను ముక్కు రుద్దుకున్నాను. ఎందుకు రుద్దుకున్నానో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆయన పిచ్చివాడేం కాదు. బంతి లేదని మా అందరికన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. కానీ లేనిదాన్ని ఉన్నట్టు చూసుకోవడంలో ఆయనకున్న మర్యాద, ఉన్నదాన్ని చూసుకోవడంలో కూడా నేను ఎవరిలోనూ చూడలేదు. బూటు లేసు కట్టుకోవాలంటే ముందు బంతిని పక్కవాళ్ళ చేతికిచ్చేవారు. వాన మొదలైతే "ముందుగల బంతిని లోపల పెట్టుండ్రి" అని అరిచేవారు. ఒకనాడు నేను మరిచిపోయి చేతులు ఊపుకుంటూ ఇంటికి బయల్దేరితే గేటు దాకా పరుగెత్తుకొచ్చారు.

"రజియా! బంతిని ఎండల వదిలేసి పోతవా? నీ ఇంట్ల సామానైతే గిట్లనే పడేస్తవా?"

నేను వెనక్కి వెళ్ళి, కోర్టు మధ్యలోంచి ఏమీ లేనిదాన్ని ఎత్తి, ఆయన చేతిలో పెట్టి వచ్చాను. శనగలు తింటున్న పిల్లలెవరూ నవ్వలేదు.

ఆటలో కొన్ని ఎత్తులకు ఆయన పెట్టుకున్న పేర్లు కూడా మా వైపువే. ఎడమ నుంచి మెల్లగా చుట్టి రావడం 'కిన్నెరసాని'. అందరం ఒక్కచోట మూగి, బంతి ఎవరి చేతిలో ఉందో తెలియకుండా తలా ఒక దిక్కుకు చెదిరిపోవడం 'ముక్కోటి'. భద్రాచలంలో ముక్కోటి ఏకాదశి నాడు తప్పిపోయినవాళ్ళకు తెలుస్తుంది, అది ఎంత సరైన పేరో.

బంతి లేని ఆటలో పెద్ద చిక్కు ఒకటే. రింగులో పడిందా లేదా? మొదట్లో దీని మీద జుట్లు పట్టుకునేదాకా వచ్చింది. అప్పుడు సారు ఒక నియమం పెట్టారు. వేసినవాళ్ళే చెప్పాలి, వాళ్ళు చెప్పిందే ఖాయం. "ఏసిన చేతికి తెలుస్తది," అనేవారు. ఎవరు వేసినా వెంటనే విజిల్ ఊది, వాళ్ళ వైపు తిరిగి, "పడ్డదా, పడలేదా?" అని అడిగేవారు.

నాది వ్యాపారం చేసే ఇల్లు. నేను ఎప్పుడూ "పడ్డది సార్" అనేదాన్ని. రింగు వైపు చూడకుండా వేసినా పడ్డది. చెప్పు జారి పడిపోతూ వేసినా పడ్డది. సారు ఒక్కసారి కూడా కాదనలేదు.

"రజియా ఏసిన బంతి రింగుల పడుడు కాదు, రింగే ఉరికొచ్చి బంతికి తగులుకుంటది," అని మాత్రం అనేవారు.

సమ్మక్క దీనికి పూర్తిగా తలకిందులు. అడవి లోపలి కోయ గూడెం పిల్ల, హాస్టల్లో ఉండేది. వాళ్ళ అమ్మానాన్నలు పోడు చేసుకుని, ఎండాకాలం తునికాకు కోసేవాళ్ళు. ఇంట్లో కోయ మాటే కాబట్టి తెలుగును కొత్త చెప్పుల్లా జాగ్రత్తగా వాడేది. ఆమె ఎగిరితే చూడముచ్చటగా ఉండేది. చెయ్యి అలా పైకి సాగి, మణికట్టు వంగి, బంతి లేకపోయినా బంతి వెళ్ళిన దారి కనబడేది. మేమంతా నోరు తెరుచుకుని చూస్తుంటే సారు విజిల్ ఊది అడిగేవారు. సమ్మక్క ఒక్క క్షణం ఆలోచించి, "పడలే సార్," అనేది.

"పడ్డదే! నేను చూసిన!" అని నేను అరిచేదాన్ని.

"అంచుకు తాకింది," అనేది సమ్మక్క.

ఇలా ఆమె సగానికి సగం వదిలేసేది. ఆమె నా జట్టులో పడితే ఓటమి ఖాయం. మా లెక్కలో ఆటంతా నేను గెలిపించడం, సమ్మక్క ఓడగొట్టడం. సారు ఆమెను మెచ్చుకోనూ లేదు, తిట్టనూ లేదు. ఆమె 'పడలే' అన్నప్పుడల్లా కిందికి వంగి, దొర్లిపోతున్న బంతిని ఆపి ఆమెకే ఇచ్చేవారు.

బస్సు కోసం రోడ్డు మీద ఆగినవాళ్ళు మొదట మమ్మల్ని చూసి దయ్యం పట్టిందనుకున్నారు. తర్వాత అలవాటు పడ్డారు. ఆ తర్వాత పక్షాలు కట్టారు. గేటు దగ్గర తునికి పండ్లు అమ్మే ముసలమ్మ అయితే సమ్మక్క మనిషి. సమ్మక్క పడలేదన్నప్పుడల్లా లేచి, "నీ కండ్లు మండ, పడ్డదే పిల్లా! నా ముంగటనే పడ్డది!" అని గంప మీద కొట్టేది. ఒక కండక్టరు ఆట అయ్యేదాకా రైటు చెప్పేవాడు కాదు. బస్సులోవాళ్ళు "జల్దీ పోనియ్యి" అంటే, "ఆగుండ్రి, బంతి రజియా చేతిల ఉన్నది, ఇప్పుడే అయిపోతది," అనేవాడు.

ఒకరోజు ప్రిన్సిపాల్ గారు ఏదో ఫైలు చూసుకుంటూ కోర్టు మధ్యలోంచి నడిచి వస్తున్నారు. అదే సమయంలో నేను దూరం నుంచి ఒకటి విసిరాను. సారు ప్రాణం పోయినట్టు అరిచారు.

"సార్! తల!"

ప్రిన్సిపాల్ గారు ఫైలు వదిలేసి, తల మీద చేతులు పెట్టుకుని, కింద కూర్చున్నారు. కాగితాలు అన్ని వైపులా ఎగిరాయి. బస్టాపు జనం చప్పట్లు కొట్టారు. ఆయన లేచి, ప్యాంటు దులుపుకుని, ఎవరి వైపూ చూడకుండా లోపలికి పోయారు. మర్నాడు సారుకు మెమో వచ్చింది, కళాశాల అధిపతి తల వైపు బంతి విసిరించినందుకు సంజాయిషీ ఇవ్వమని. సారు చాలా వినయంగా జవాబు రాశారు. సదరు బంతి తమరి బీరువాలోనే ఉన్నది, తాళంచెవి తమరి వద్దనే ఉన్నది, విసిరినది ఏదో తమరే తెలుపగలరు అని. ఆ తర్వాత వాళ్ళిద్దరూ చాలాకాలం అటెండరు ద్వారానే మాట్లాడుకున్నారు.

ఇక పోటీల సంగతి. సారు హెడ్ కోచ్‌గా ఉన్నంతకాలం మా కాలేజీ ఒక్క మ్యాచ్ గెలవలేదు. నేను చేరిన ఏడాది ఖమ్మం వెళ్ళాం. అసలు బంతి చేతిలో పడగానే మా ప్రాణాలు పోయాయి. దానికి అంత బరువుంటుందని, నేలకు కొడితే తిరిగొస్తుందని, చప్పుడవుతుందని మేం మరిచిపోయాం. ఉరికే చోటుకు చక్కగా ఉరికేవాళ్ళం, ఎగిరే చోట ఎగిరేవాళ్ళం, బంతి మాత్రం వేరే ఎక్కడో ఉండేది. వచ్చిన జట్లన్నిటిలోకీ చూడచక్కగా ఆడేది మేమేనని అవతలి కోచే ఒప్పుకుంది. మాకు వచ్చింది సున్నా. మరుసటి ఏడాది కొంచెం నయం, బంతి వైపు కూడా చూశాం.

మూడో ఏడు ప్రిన్సిపాల్ గారు అటెండరును పంపకుండా తనే సారు గదికి వచ్చారు. మేం బయట శనగలు తింటున్నాం.

"మాస్టారూ, కెమిస్ట్రీ బ్లాకు శాంక్షనైంది. స్థలం కావాలి. కోర్టు తప్ప వేరే చదునైన నేల లేదు."

"సార్, టీము..."

"ఈసారి ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గెలవండి, బ్లాకు వెనక్కి జరిపిస్తాను. గెలవలేదా, మీరు ఆటలు మానేసి హాయిగా డ్రిల్లు చేయించుకోండి."

ప్రిన్సిపాల్ గారు వెళ్ళాక సారు బయటికొచ్చి, తలుపు మీద 'హెడ్ కోచ్' అక్షరాలను సుద్దతో ఇంకోసారి దిద్దారు. చెరిగిపోలేదు, అయినా దిద్దారు. మేమందరం ఆ రోజే అనుకున్నాం, ఏం చేసైనా ఒక్కటి గెలవాలి, ఈయనకు ఈ కోర్టు మిగల్చాలి.

ఖమ్మంలో ఒక కాలేజీ మైదానం. అవతలి జట్టు పట్నం పిల్లలు, అందరికీ ఒకే రంగు బూట్లు. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి ఉపన్యాసం పొడుగ్గా ఇవ్వడంతో మా మ్యాచ్ మొదలయ్యేసరికి పొద్దు వాలిపోతోంది. సగం ఆట దాకా మేం మామూలుగానే ఓడిపోతున్నాం. విరామంలో సారు మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకున్నారు.

"బిడ్డా, వాళ్ళకు బంతితోటి ఆడుడు వచ్చు. మనకు రాదు. మరి మనకు వచ్చిందేంది?"

"బంతి లేకుంట ఆడుడు," అంది సమ్మక్క.

"అవ్! ముక్కోటి ఏయిండ్రి!" అని తొడ చరిచారు. ఈసారి చెయ్యి జేబులో పెట్టుకోలేదు.

తర్వాత జరిగినదాన్ని ఆ పట్నం పిల్లలు ఇప్పటికీ తమ పిల్లలకు చెబుతుంటారనుకుంటాను. మేం ఐదుగురం బంతి చుట్టూ మూగి, ఐదు దిక్కులకు చెదిరిపోయాం. ఐదుగురి చేతుల్లోనూ బంతి ఉంది. ఐదుగురమూ నేలకు కొట్టుకుంటూ పోతున్నాం. వాటిలో ఒక్కటే నిజం. నన్ను ఇద్దరు తరిమారు. నేను కిందా మీదా పడుతూ, రొప్పుతూ, ఏమీ లేనిదాన్ని పొట్టకు హత్తుకుని మూల దాకా పరుగెత్తాను. వాళ్ళు నా చేతులు పట్టుకుని లాగారు. ఒక పిల్ల లాక్కుని పారిపోయింది కూడా, సగం దూరం పోయాక ఆగి తన చేతులు తాను చూసుకుంది. అంతలో ఆ చివర సమ్మక్క నింపాదిగా అసలు బంతిని రింగులో వేసి వచ్చింది. వాళ్ళ కోచ్ రిఫరీ మీదికి వెళ్ళింది. బంతి లేకుండా పరుగెత్తకూడదని ఏ నియమమూ లేదని రిఫరీ పుస్తకం తిరగేసి చెప్పాడు. మేం ఆ ఎత్తు మళ్ళీ మళ్ళీ వేశాం. వాళ్ళు ఏ బంతిని నమ్మాలో తెలియక చివరికి నిజమైన బంతిని కూడా వదిలేయడం మొదలుపెట్టారు.

ఆఖరుకు ఒక్క పాయింటు వెనక ఉన్నాం. సమయం అయిపోవస్తోంది. బంతి సమ్మక్క చేతిలో పడింది. ఎగిరింది. చెయ్యి సాగింది, మణికట్టు వంగింది. ఆ మైదానంలో రింగులకు జాలీ ఎప్పుడో చిరిగిపోయింది, ఉత్త ఇనుప చట్రమే. రిఫరీ కళ్ళలో సరిగ్గా సూర్యుడు. బంతి రింగు దగ్గర మాయమై కింద తేలింది. గంట మోగింది. రిఫరీ రెండు వేళ్ళు పైకెత్తి కిందికి దించాడు. పడ్డట్టు లెక్క.

మేం గెలిచాం. నేను కేకలు పెట్టి నేల మీద పడి దొర్లాను. వాళ్ళ కోచ్ "పడలేదండీ, పక్క నుంచి పోయింది!" అని మొత్తుకుంటోంది. "నేను చూశాను. అయిపోయింది," అని రిఫరీ బల్ల దగ్గరికి నడిచాడు. బల్ల దగ్గర లెక్క రాసేశారు. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. అడగాల్సిన పని కూడా లేదు.

అప్పుడు సారు పరుగెత్తారు. అంత మనిషి పరుగెత్తడం మేం ఎన్నడూ చూడలేదు. విజిల్ గుండెల మీద ఎగిరెగిరి పడుతుండగా కోర్టు అడ్డంగా దాటి, రింగు కింద ఒంటరిగా నిలబడ్డ సమ్మక్క ముందు ఆగారు. ఆమె అప్పటికే రిఫరీ వైపు తిరిగి, నోరు తెరవబోతోంది. సారు మైదానం మొత్తానికి వినబడేట్టు అరిచారు.

"బిడ్డా, నేను అడుగుతున్న, చెప్పు! పడ్డదా, పడలేదా?"

నేను నేల మీద నుంచే, "పడ్డది సార్!" అని అరిచాను. ఆయన నా వైపు చూడలేదు.

"పడలే సార్," అంది సమ్మక్క.

సారు రిఫరీ దగ్గరికి వెళ్ళి, "పడలేదంట సార్. కొట్టేయుండ్రి," అన్నారు.

రిఫరీకి కోపం వచ్చింది. "ఏందయ్యా? గెలిచినోనివి నువ్వు. మూసుకుని ఇంటికి పో."

"ఓడిపోయినం సార్."

"ఓడిపోయినవో లేదో చెప్పేది నేను! గెలిచినోడు వచ్చి ఓడగొట్టమని అడుగుడు నా సర్వీసుల సూడలే!"

అక్కడొక విచిత్రమైన గొడవ జరిగింది. మా సారూ, అవతలి కోచూ ఒక పక్షం. రిఫరీ ఒక్కడూ మా పక్షం. ఆయన మమ్మల్ని గెలిపించాలని, సారు ఓడించాలని పంతం. ఫిర్యాదు పెడతానని సారు బెదిరించారు. చివరికి రిఫరీ విసిగిపోయి, "పోయి ఓడిపో, నాకేంది," అని లెక్క కొట్టేశాడు. అవతలి జట్టు కూడా సంబరం చేసుకోవడానికి కాసేపు మొహమాటపడింది.

కోర్టు పోయింది. ఆ సంక్రాంతి సెలవులు అవగానే కెమిస్ట్రీ బ్లాకుకు పునాది తీశారు. స్తంభాలను గ్యాసు మంటతో కోస్తుంటే సారు దగ్గరుండి, మంట గడ్డికి అంటుకోకుండా నీళ్ళు చల్లించారట. రిటైరయ్యేదాకా ఆయన పంద్రాగస్టుకు డ్రిల్లు చేయించారు, పరీక్షల్లో కాపలా కాశారు. సమ్మక్క ఇప్పుడు ములకలపల్లి దిక్కున ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరు. ఫ్లెక్సీ చూసిన రోజు నేను ఫోన్ చేస్తే ఆమెకు అప్పటికే తెలుసు, పాడె వెంట నడిచి వచ్చింది కూడా. ఇదంతా సరే. నాకు ఆయన తలపుకు వస్తే మాత్రం మ్యాచ్ కాదు, ఆ సాయంత్రం తిరుగు ప్రయాణంలో తల్లాడ దగ్గర ఆగిన బస్సే గుర్తుకొస్తుంది.

బస్సులో మేమంతా వెనక సీట్లలో కూర్చుని సారును తిట్టుకుంటున్నాం. మామూలు తిట్లు కాదు. ఈ మనిషికి పని లేదా, ఎవరు అడగమన్నారు, చేతికొచ్చింది నోటితో పోగొట్టాడు, పోనీయ్ పీడ వదిలింది, డ్రిల్లు చేయించుకుంటాడు అని. అందరికన్నా గొంతు పెద్దది నాదే. సారు డ్రైవరు వెనక సీట్లో ఒక్కరే ఉన్నారు. బస్సు ఆగగానే దిగి, కాగితం పొట్లంలో మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చారు. అందరికీ పంచమని నా చేతికి ఒక పొట్లమిచ్చారు. కోపంగానే తీసుకున్నాను. సమ్మక్క తన వాటా తీసుకోకుండా లేచి ముందుకెళ్ళి ఆయన పక్కన నిలబడింది. నేను పొట్లం పట్టుకుని వాళ్ళ వెనకే ఉన్నాను.

"సార్," అంది. "మీరు అడగకపోయినా నేను చెప్తును."

"తెల్సు బిడ్డా. నువ్వు నోరు తెరుస్తున్నవని చూసే ఉరికొచ్చిన."

"మరి ఎందుకు అడిగిండ్రు?"

సారు గొంతు తగ్గించారు.

"నీ అంతట నువ్వు చెప్తే ఓడగొట్టింది నువ్వయితవు. నేను అడిగి చెప్పిస్తే నేనైత. ఎనక సీట్లల్ల తిడుతున్నరు కదా, ఇను. ఎవలను తిడుతున్నరు?"

సమ్మక్క నిజంగానే వెనక్కి తిరిగి, చెవి పెట్టి వింది.

"మిమ్ములనే సార్."

"అయితే మంచిగనే అయ్యింది. బజ్జీ తిను, సల్లారితే నూనె వాసన కొడ్తది."